మొక్కులో పోయిన సైకిలు

నా పాదం విరగ్గొట్టింది రుబ్బురోలు పొత్రం. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను. ఎందుకంటే శ్రీకూర్మంలో ఆనాటి వాళ్ళెవరైనా ఇంకా మిగిలుంటే, సన్నాయి ఆయన కూతురు సైకిలు తొక్కి కాలు విరగ్గొట్టుకుందనే మీకు చెబుతారు. సైకిలుకీ నా కాలికీ ఏ సంబంధమూ లేదు. ఆ పూట సైకిలు వీధి అరుగు మీద గోడకి ఆనుకుని దాని మానాన అది ఉంది. నేను పెరట్లో ఉన్నాను. మినప్పిండి రుబ్బడం అయిపోయింది. పిండి తీసేసి, కడగడానికి పొత్రం పైకెత్తాను. చేతులకి పిండి జిగట, పొత్రానికీ జిగటే. జారింది. అంత రాయీ వచ్చి ఎడమ పాదం మీద పడింది. చప్పుడు కూడా పెద్దగా కాలేదు. కింద నా పాదం ఉంది కదా.

నా అరుపుకి వీధి వీధంతా పెరట్లోకి వచ్చింది. మా ఊరివాళ్ళది మంచి గుణం, ఎవరికి కష్టం వచ్చినా పరిగెత్తుకొస్తారు. కానీ వచ్చినవాళ్ళు ఊరుకోరు. మా అమ్మ నా కాలు ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు పోస్తుంటే, పక్కింటావిడ గుమ్మంలోంచే తీర్పు చెప్పేసింది.

“ఆడగుంట సైకిలెక్కితే కాళ్ళు నేల మీద నిలుస్తాయేటి? నాను అప్పుడే సెప్పినాను.”

మిగతావాళ్ళు అవునవునన్నారు. పొత్రం ఆవిడ కాళ్ళ దగ్గరే, పిండి మరకలతో పడి ఉంది. దాన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు.

మాది గుడిలో సన్నాయి వాయించే ఇల్లు. తెల్లవారుజామున స్వామిని లేపడం, పొద్దుపోయాక పడుకోబెట్టడం మా నాన్న పని. మా తాత పనీ అదే, ఆయన తండ్రి పనీ అదే. మధ్యలో పెళ్ళిళ్ళుంటే వెళ్ళేవాడు. సన్నాయి గుడ్డసంచిలో పెట్టి భుజానికి తగిలించుకుని, అరసవల్లి మీదుగా శ్రీకాకుళం దాకా సైకిలు మీదే పోయేవాడు. సన్నాయికి కావలసింది వేళ్ళు కాదు, గుక్క అని ఆయన సిద్ధాంతం. ఆ గుక్క కోసం రోజూ సాయంత్రం, గుడికి వెళ్ళేలోగా, సముద్రం వైపు సైకిలు తొక్కేవాడు. సాయంత్రప్పూట ఆ దారిలో ఎదురుగాలి. ఆ గాలిలో నోరు మూసుకుని, ముక్కుతోనే ఊపిరి తీస్తూ తొక్కాలి. నేను చిన్నదాన్నిగా ఉన్నప్పుడు నన్ను వెనక కేరియర్ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాడు. ఆయన నోరు తెరిచి ఊపిరి పీల్చిన చప్పుడు వినబడితే వీపు మీద ఒక్కటి వెయ్యాలి. అదీ నా ఉద్యోగం. కన్నతండ్రిని కొట్టే ఉద్యోగం ఎంతమందికి దొరుకుతుంది? నేను మహా శ్రద్ధగా చేసేదాన్ని.

లంగా మీద ఓణీ వేసుకునే వయసు వచ్చాక ఒకరోజు, సరుగుడు తోటల దగ్గర సైకిలు ఆపాడు.

“నువ్వు తొక్కు. నాను ఎనకాల కూకుంటాను,” అన్నాడు.

అది మగవాళ్ళ సైకిలు, మధ్యలో కడ్డీ. మొదట కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కాను. పడ్డాను. ఆయన కేరియర్ పట్టుకుని వెనక పరిగెత్తాడు. పడ్డాను. నాలుగు నాళ్ళకి పడడం మానేశాను. ఆ తరువాత ఆయన వెనక కూర్చుంటే నేను తొక్కుతూ, ఎదురుగాలిలో నేను నోరు తెరిస్తే ఆయనే నా వీపు మీద కొట్టేవాడు. వాయించడానికి నా చేతికి సన్నాయి రాదని ఇద్దరికీ తెలుసు. మా ఇళ్ళలో ఆడవాళ్ళు వాయించరు. మరి నాకెందుకు గుక్క అని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

కొన్నాళ్ళకి నన్ను ఒక్కదాన్నే పంపడం మొదలుపెట్టాడు. సైకిలంటే నాకు ఇష్టం అనడం చాలా చిన్న మాట. మధ్యాహ్నం వంటింట్లో గిన్నెలు తోముతున్నప్పటి నుంచే నా కాళ్ళు కదిలేవి. జీడితోట దాటాక రోడ్డు కొంచెం దిగుతుంది. అక్కడ తొక్కక్కర్లేదు. కాళ్ళు ఊరికే పెడల్స్ మీద పెట్టి కూర్చుంటే సైకిలే పోతుంది, చీర కుచ్చిళ్ళు టపటపా కొట్టుకుంటాయి, ఉప్పుగాలి వచ్చి ముఖాన పడుతుంది. కింద ఇసుక మొదలయ్యే చోట దిగి, సైకిలు ఒక తాటిచెట్టుకి చేరవేసి, సముద్రాన్ని ఒకసారి చూసి వెనక్కి వచ్చేసేదాన్ని. అంతే. జనానికి మింగుడు పడనిది కూడా అదే. బడిలో పంతులమ్మనై తొక్కుకుంటూ పోతే పోనీలే అనేవాళ్ళు. మంత్రసానినైతే దండం పెట్టేవాళ్ళు. ఏ పనీ లేకుండా సముద్రం దాకా పోయి, దాన్ని చూసి రావడమేమిటి? అది అక్కడే ఉంటుంది కదా, అనేవాళ్ళు. నాకు సైకిలు గుంట అని పేరు పెట్టారు.

అవి అరవైల చివరి రోజులు. ఏజెన్సీ వైపు గొడవలు మొదలై, మా రోడ్ల మీద కూడా పోలీసు వ్యాన్లు తిరిగేవి. వాటికి దారిచ్చి పక్కకి దిగి నిలబడితే, లోపలున్నవాళ్ళు తలలు బయటపెట్టి నన్ను చూసేవాళ్ళు. తుపాకులు మోసుకెళ్ళేవాళ్ళకి కూడా సైకిలు మీద ఆడపిల్లే వింత. నాకు ఇరవై దాటి రెండేళ్ళో మూడేళ్ళో అయింది, ఇంకా పెళ్ళి కాలేదు. దానికీ సైకిలే కారణమని మా అమ్మ అనేది. మా అమ్మకి సైకిలంటే మొదటినుంచీ గిట్టదు. అందుకే తరువాత జరిగినదానికి నేను ఆవిడనే అనుమానించాను.

కాలు విరిగిన రోజు పక్క ఊరి నుంచి కట్టు కట్టే ఆయన్ని పిలిపించారు. ఆయన వెదురు బద్దలు చెక్కి, కోడిగుడ్డు సొనలో మినప్పిండి కలిపి, గుడ్డకి పట్టించి బిగించి కట్టాడు. ఆ పిండి ఎక్కడిదనుకున్నారు? నేను రుబ్బిందే. గిన్నెలో తయారుగా ఉంది కదా, మళ్ళీ కొత్తగా ఎందుకని మా అమ్మ అందించింది. ఎముక విరిగితే ఆ కట్టు మంచిదే, దానితో బాగైనవాళ్ళని నేను చూశాను. కానీ నాకు ఎముకతో పాటు పైన చర్మం కూడా చితికింది. ఆ పుండు మీద పిండి, దాని మీద బిగుతు కట్టు. నాలుగైదు రోజులకి కట్టులోంచి వాసన వచ్చింది. కట్టు పనిచేస్తోంది, అలాగే ఉంటుంది, అన్నారు. జ్వరం వచ్చి నా మాట తడబడ్డాక గానీ ఎవరూ దాన్ని విప్పలేదు.

శ్రీకాకుళంలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు కట్టు కోసి చూసి, మా నాన్నని నానా మాటలూ అన్నాడు. మా నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మర్నాడు ఆపరేషన్ చేశారు. పుండు కడిగి, విరిగిన ఎముకలు సర్ది, సన్నని తీగలు గుచ్చి నిలబెట్టారట. నాకు మత్తు వదిలేసరికి పాదం ఉందో లేదో తెలియలేదు. ముందు ఆ సంగతే అడిగాను. ఉంది అన్నారు. రెండో మాట, సైకిలు ఎప్పుడు తొక్కొచ్చు అని అడిగానట. మా అమ్మ నుదురు కొట్టుకుంది.

ఆ ఉందన్న పాదం కూడా అనుమానంలో పడింది. ఆపరేషన్ అయ్యాక చీము తగ్గలేదు. ఒక సాయంత్రం డాక్టరు వరండాలో మా నాన్నతో మాట్లాడడం నాకు వినబడింది. చీము పైకి పాకితే చీలమండ దాకా తీసేయాల్సి రావచ్చు, మీరు మనసు గట్టి చేసుకోవాలి, అంటున్నాడు. మా నాన్న లోపలికి వచ్చి, నా తల మీద చేయి పెట్టి, గుడికి వేళవుతోందని ఊరెళ్ళిపోయాడు. స్వామిని పడుకోబెట్టాలి కదా. కూతురి కాలు పోతుందన్నా ఆ పని ఆగదు. మర్నాడు పొద్దున్నే వచ్చాడు. ముఖం తేటగా ఉంది.

“నీ కాలికేటీ అవదు. నువ్వు బెంగెట్టుకోకు,” అన్నాడు.

ఆ ధైర్యానికి నేను మురిసిపోయాను. మా నాన్న కాబట్టి అంత గట్టిగా ఉన్నాడనుకున్నాను. నిజంగానే ఆ వారంలో చీము తగ్గింది. మందులకి తగ్గిందని డాక్టరు అన్నాడు. మా నాన్న పైకి చూసి దండం పెట్టుకున్నాడు.

కాలికి సిమెంటు కట్టు వేసి ఇంటికి పంపారు. కోలుకోవడం అంటే ఏదో హాయిగా పడుకోవడం అనుకుంటారు, పడుకోనివాళ్ళు. వేసవికాలం. కట్టు లోపల దురద. కొబ్బరి ఈనె సందులోంచి దూర్చి గోక్కుంటే, అది సరిగ్గా దురద ఉన్న చోటికి బెత్తెడు ఇవతలే ఆగిపోయేది. నా మంచం ముందుగదిలో వేశారు, గాలి వస్తుందని. గాలితో పాటు ఊరూ వచ్చేది. ఒకరు పనసపొట్టు కూర తెచ్చేవారు, ఒకరు తాటిముంజెలు తెచ్చేవారు, అందరూ సైకిలు మాట తెచ్చేవారు. పొత్రం పడింది అని నేను చెప్పేదాన్ని. అవును పాపం, పొత్రమే పడింది, అని ఒప్పుకుని, అందుకే ఆడపిల్ల సైకిలు తొక్కకూడదు, అనేవారు. మొదట్లో వాదించాను. తరువాత ముంజెలు తిని ఊరుకున్నాను.

ఆ మంచం మీద నుంచి తలుపులోంచి సైకిలు కనబడుతూనే ఉండేది. అదే నాకు పెద్ద శిక్ష. ఎండ తగ్గాక మా నాన్న వచ్చి దాన్ని తీసుకెళ్ళేవాడు. స్టాండు తీసిన చప్పుడు, మెట్టు దింపిన చప్పుడు, వీధి మలుపులో బెల్లు. అక్కడి నుంచి నేను కళ్ళు మూసుకుని ఆయనతో పాటు తొక్కేదాన్ని. ఇప్పుడు సరుగుడు తోటలు. ఇప్పుడు జీడితోట. ఇప్పుడు దిగుడు. కట్టులో ఉన్న పాదం దానంతట అది కిందికి నొక్కేది, ప్రాణం పోయేంత నొప్పి వచ్చేది, కళ్ళు తెరిస్తే పైన దూలం. రాత్రి గుడి నుంచి సన్నాయి వినబడేది. ఆయన దూరం వెళ్ళొచ్చిన రోజున గుక్క పొడుగ్గా ఉండేది. ఆ గుక్క కూడా నాకు అసూయగానే ఉండేది. నా గాలి కూడా ఆయనే పీల్చుకొస్తున్నాడనిపించేది.

ఒకరోజు ఆయన సైకిలు అరుగు మీద పెడుతుంటే అన్నాను, “కట్టు తీసీగానే ముందుగాల సముద్రం దాకా నానే తొక్కుతాను. నువ్వు ఎనకాల కూకో.”

ఆయన గోడవైపు చూశాడు. “ముందు నడు, సూద్దాం,” అన్నాడు.

కట్టు తీశారు. లోపలి నుంచి వచ్చిన పాదం నాది కాదన్నట్టుంది. పాలిపోయి, పొలుసులు లేచి, వెదురుకర్రలా బిగుసుకుపోయింది. చేతికర్ర పట్టుకుని ముందు గదిలో, తరువాత అరుగు మీద నడిచాను. ఒక మధ్యాహ్నం నాన్న నిద్రపోతున్నాడు. కర్ర పక్కన పెట్టి సైకిలు సీటు పట్టుకున్నాను. ఎక్కాలని కాదు. ఊరికే ఆ పాదాన్ని పెడల్ మీద ఆన్చి, దానికి గుర్తుందో లేదో చూద్దామని. వంటింట్లోంచి మా అమ్మ చేతిలో గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది.

“దాన్ని ముట్టుకోకు. మొక్కు ఉన్నాది,” అంది.

“ఏటి మొక్కు?”

“నీ కాలు నిలబడితే మరి జన్మలో సైకిలెక్కవని స్వామికి మొక్కీసినాం.”

నేను అలాగే అరుగు మీద కూలబడ్డాను. ముందు ఆవిడ ఏమందో అర్థం కావడానికే కొంతసేపు పట్టింది. మొక్కులు నాకు కొత్త కాదు. మా ఇంట్లో జ్వరం వస్తే మొక్కు, తగ్గితే మొక్కు. తలనీలాలిస్తారు, కోడెదూడనిస్తారు, కాశీ వెళ్ళి వంకాయ వదిలేసొస్తారు. కానీ ఎవరి వంకాయ వాళ్ళు వదులుతారు. నా సైకిలు నేను మంచం మీద తెలివిలేకుండా పడి ఉంటే ఎవరో వదిలేశారు. కాలు బాగుపడితే సైకిలు తొక్కొచ్చని నేను రోజూ ఆశపడుతుంటే, కాలు బాగుపడడమే సైకిలు పోవడానికి షరతు. నడిచిన ప్రతి అడుగూ నేను దానికి దూరంగా వేస్తున్న అడుగే. ఇన్నాళ్ళూ ఆ సంగతి తెలిసి కూడా మా ఇంట్లోవాళ్ళు నా నడక చూసి సంతోషించారు.

ఆ రోజు నుంచి మా అమ్మతో మాట్లాడడం మానేశాను. ఆవిడ వడ్డిస్తే కంచం జరిపేసేదాన్ని. కావలసింది నేనే కుంటుకుంటూ వెళ్ళి పెట్టుకునేదాన్ని. రాత్రి నేను పడుకున్నాక ఆముదం వెచ్చచేసి తెచ్చి పాదానికి రాసేది. నిద్ర నటించి రాయించుకునేదాన్ని. కాలు వెనక్కి లాక్కోవాలని ఉండేది, కానీ నొప్పి తగ్గేది.

మా మేనత్త పక్క వీధిలో ఉండేది. ఒకనాడు నన్ను చూడడానికి వచ్చి, నేను అమ్మతో మాట్లాడడం లేదని కనిపెట్టి, నా పక్కన కూర్చుంది.

“మీయమ్మనేటంతావు? మొక్కినోడు మా అన్న గదా,” అంది. “ఆ రేత్రి గుడి తలుపులేసీసినాక తడిబట్టల్తోటి ధ్వజస్తంభం కాడ నిలబడి మొక్కినాడు. నాను అక్కడే ఉన్నాను. ఒద్దు అన్నా, ఇంకేదైనా మొక్కు అన్నాను. ఇన్నాడు కాదు.”

నేను వంటింటి వైపు చూశాను. మా అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఎందుకు చెప్పలేదని అడిగాను. అన్ని రోజుల తరువాత ఆవిడతో అదే మొదటి మాట.

“నా మీద నీకు ఎప్పుడూ కోపమే కదా. ఆయన మీద లేదు. అది అలాగే ఉండనీ అని ఊరుకున్నాను,” అంది.

అది మంచితనమని మేనత్త కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం ఇంకా మండింది. నా కోపం ఎవరి మీద ఉండాలో కూడా వాళ్ళిద్దరే పంచుకున్నారు. ఈ ఇంట్లో నన్నడిగి జరిగింది పిండి రుబ్బడం ఒక్కటే.

సాయంత్రం మా నాన్న గుడికి బయల్దేరే ముందు సన్నాయిని గుడ్డతో తుడుస్తున్నాడు. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

“నువ్వేనా మొక్కింది?”

ఆయన చేయి ఆగింది. “డాక్టరు కాలు తీసీస్తానన్నాడు.”

“అంతకంటే ముందే నువ్వు సైకిలు తీసీసినావు.”

“మొక్కితే ఇష్టమైంది మొక్కాల. ఎందుకూ పనికిరాంది ఇస్తే స్వామి ఊరుకుంటాడా?”

“ఇష్టం నాది, మొక్కు నీది. నీకిష్టమైంది ఆ సన్నాయి గదా. అది మొక్కలేకపోనావా?”

ఆయనకి కోపం రాలేదు. వస్తే బాగుండును. సన్నాయి వైపు చూసి, నెమ్మదిగా అన్నాడు, “ఇది ఆయనదే. నాదయితే ఇచ్చీవోణ్ణి. ఆయనదాన్ని ఆయనకే ఏటిస్తాం?”

“మరి సైకిలెక్కీది నీదా?”

“నువ్వు నాదానివి గదే,” అన్నాడు.

ఆ మాటకి ఏడుపు రావాలేమో. నాకు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. నేను ఆయనదాన్ని, సన్నాయి స్వామిది. మరి నాది ఏమిటి? ఆ పాదం ఒకటి, అదీ వంగనిది. సన్నాయి సంచిలో పెట్టుకుని ఆయన గుడికి వెళ్ళాడు. ఆ రాత్రి స్వామికి వాయించిన పాట నేను వినకుండా చెవుల మీద దిండు పెట్టుకున్నాను.

మొక్కు తీర్చే రోజు వచ్చింది. మా నాన్న చిన్న వెండి పాదం చేయించాడు. దాన్ని నా చేతికిచ్చి ప్రదక్షిణం చేయమన్నారు. నేను కర్ర మీద కుంటుకుంటూ గుడి చుట్టూ నడుస్తుంటే, మా నాన్న సన్నాయి వాయిస్తూ ముందు నడిచాడు. నా నడకకి తగ్గట్టు ఆయనా నెమ్మదిగానే నడిచాడు. చూసినవాళ్ళు ఎంత భాగ్యం తల్లీ అన్నారు. లోపల ఉన్నది కూర్మావతారం. ఆయనకి తొందర లేదు, ఎవరికీ తొందర ఉండాలని కూడా ఆయనకి ఉండదు. నా వేగం పట్టుకెళ్ళి తాబేలుకి మొక్కాడు మా నాన్న. దాన్ని పెట్టుకుని ఆయనేం చేసుకుంటాడని గర్భగుడి ముందు నిలబడి అడిగాను, నోటితో కాదనుకోండి. పూజారి తీర్థం ఇచ్చాడు. పుచ్చుకుని వచ్చేశాను.

అక్కడితో అయిపోయినా బాగుండేది. కొన్నాళ్ళకి డాక్టరు మళ్ళీ రమ్మన్నాడు. మా నాన్న నన్ను బస్సులో తీసుకెళ్ళాడు. డాక్టరు నా పాదం పట్టుకుని పైకీ కిందికీ వంచబోతే అది వంగలేదు. ఎముకలు బాగా అతుక్కున్నాయి, కానీ చీలమండ ఇలా బిగుసుకుపోతే జన్మంతా కుంటుతావు, అన్నాడు. ఏం చెయ్యాలని అడిగాను.

“మీ ఇంట్లో సైకిలుందా? రోజూ తొక్కమ్మా. ఈ పాదానికి అంతకన్నా మంచి కసరత్తు లేదు,” అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. బల్ల పట్టుకుని నవ్వాను. డాక్టరు నా వైపు చూసి, మా నాన్న వైపు చూశాడు. మా నాన్న తన చెప్పులు చూసుకుంటున్నాడు.

బస్సు కోసం నిలబడ్డాం.

“ఎక్కితే ఏటవుతాది?” అని నేనే అడిగాను.

“నీకేటీ అవదు. మొక్కు తప్పితే మొక్కినోడికే అవుతాది,” అన్నాడు. అది బెదిరింపు కాదు. రేపు ఏకాదశి అన్నట్టు మామూలుగా చెప్పాడు.

“అయితే నాను జన్మంతా కుంటాలా?”

బస్సు వచ్చింది. ఎక్కాం. అరసవల్లి దాటేదాకా ఆయన కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. తరువాత అన్నాడు, “ఎక్కు. నాకైతే అవనీ.”

నాకు ఆ మొక్కుల మీద నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆ మాట ఆయనతో బస్సులోనే చెప్పాను. ఆయన తల ఊపాడు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. సంతోషంతో పట్టలేదు, నిజం చెప్పాలంటే. కళ్ళు మూస్తే జీడితోట దిగుడే.

మర్నాడు మధ్యాహ్నం మా అమ్మ వంటింట్లో మినప్పప్పు కడుగుతూ, నా వైపు చూడకుండా అంది, “పొద్దున్న మీ నాన్న గుళ్ళో రెండో సన్నాయి ఆయనతోటి సెప్పొచ్చినాడట, రేపట్నుంచి నాను రాకపోతే స్వామిని నువ్వు లేపు అని.”

ఎండ తగ్గింది. అరుగు మీదకి వచ్చి చూస్తే సైకిలు వీధిలో దింపి ఉంది. గొలుసుకి నూనె పెట్టాడు. సీటు కిందికి దించాడు, నా కాలు వంగదని. బెల్లు కూడా తుడిచాడు. తను స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, వెనక కేరియర్ పట్టుకుని నిలబడ్డాడు, నాకు నేర్పినప్పుడు నిలబడ్డట్టే.

“ఎక్కు,” అన్నాడు. “పడిపోకుండా నాను పట్టుకుంటాను.”

మెట్లు దిగాను. హేండిల్ పట్టుకున్నాను. ఆ ఇనుము చేతికి తగిలితే నాకు ప్రాణం లేచొచ్చింది. కర్ర గోడకి పెట్టి, మంచి కాలు నేల మీద ఉంచి, ఆ రెండో పాదం పెడల్ మీద పెట్టాను. పెడల్ గడగడలాడుతోంది. నా కాలు వణుకుతోందేమో అనుకున్నాను. నా కాలు కాదు. వెనక కేరియర్ పట్టుకున్న ఆయన చేతులు. ఆ వణుకు సైకిలంతా పాకి నా పాదానికి వచ్చింది. తిరిగి చూస్తే ఆయన నన్ను చూడడం లేదు. గుడివైపు తల తిప్పుకుని, కళ్ళు మూసుకుని, నోరు గట్టిగా మూసుకుని, ముక్కుతో ఊపిరి తీస్తున్నాడు.

పాదం తీసేశాను. సైకిలు స్టాండు వేసి, కర్ర తీసుకున్నాను. ఆయన కళ్ళు తెరిచాడు. ఏటని అడిగాడు. ఏమీ లేదన్నాను.

దేవుడికి భయపడి ఆగాననుకుంటారేమో, కాదు. నాన్న మీద జాలిపడి ఆగానంటే అదీ నాకు ఒప్పుకోబుద్ధి కాదు. కాలు స్వామి ఇచ్చాడన్నారు, సైకిలూ స్వామే తీసుకున్నాడన్నారు. పోనీ నాకంటూ ఒక కోపం మిగిలి ఉండేది, అదైనా నాదనుకున్నాను. ఆ సాయంత్రం అలా వణుకుతూ నిలబడి, మా నాన్న దాన్ని కూడా తీసేసుకున్నాడు. ఆ ఒక్కదానికీ ఆయన్ని నేను క్షమించలేదు.

తరువాత ఆయన చాలా ఏళ్ళు బతికాడు. నేను ఇప్పటికీ కుంటుతాను.

ఆ సాయంత్రం లోపలికి వచ్చేసరికి మా అమ్మ పెరట్లోంచి పిలిచింది. “పప్పు నానిపోనాదే,” అంది.

వెళ్ళి రుబ్బురోలు ముందు కూర్చున్నాను. కుంటికాలు ఒక పక్కకి చాపుకుని, పప్పు వేసి, పొత్రం తిప్పడం మొదలుపెట్టాను. దాని మీద ఎవరూ ఏ మొక్కూ మొక్కుకోలేదు.